నేను తియ్యని కండువా

ఆ రోజు పేపరులో నా మొహం నాకే కనబడేసరికి చదువుతున్నవాణ్ణి ఆగిపోయాను.

మార్కాపురం నుంచి పెద్దారవీడు పోయే దారిలో మా వాడ. రోడ్డు పక్కనే ఒక టీ బంకు. మిరపకోతలకు పోయే కూలీల ఆటో వచ్చేదాకా అక్కడ రెండు బల్లల నిండా జనం ఉంటారు. రోజూ పొద్దున వాళ్లకు పేపరు చదివి వినిపించేది నేను. నేను బడికి పోయినవాణ్ణి కాను. పన్నెండేళ్లకే మార్కాపురంలో పలకల కార్ఖానాలో చేరాను. అంచు విరిగిందని పక్కన పారేసిన పలకల మీద అక్షరాలు దిద్దుకున్నాను. దిద్దించింది చట్రాలు బిగించే మేస్త్రి. ఆ తరవాత దొరికిన కాగితమల్లా చదివాను, పొట్లం కాగితం దగ్గరనుంచి బైబిలు దాకా. పేపరు చదవడంలో నాకొక నియమం ఉంది. అచ్చులో ఎట్లా ఉంటే అట్లా చదవాలి, నా మాట ఒక్కటి కలపకూడదు. నచ్చని వార్తయితే చదివాక తిట్టుకుంటాను, అది వేరే సంగతి.

"ఏంది తాతా, నోరు తిరగలేదా?" అన్నాడు ఆటో డ్రైవరు.

అధికార పార్టీకి గట్టి దెబ్బ అని పెద్దక్షరాలు. మా వాడనుంచి నలభై కుటుంబాలు అవతలి పార్టీలో చేరాయట. మా వాడలో ఉన్నవే ముప్పై రెండు ఇళ్లు. కింద ఫొటోలో ముందు వరసలో నేను, మెడలో కండువా. దాని రంగు చెప్పను. చెబితే మీరు సంగతి వదిలిపెట్టి రంగు పట్టుకుంటారు.

నియమం నియమమే. నలభై కుటుంబాలనే చదివాను. 'వాడ పెద్ద సైతం' అని నా గురించి రాసిన ముక్కా చదివాను. టీ పోసే ఆమె చెయ్యి గాలిలో నిలిచిపోయింది.

"నువ్వూ పోయినావా మామా? ఒక మాట చెప్పి పోగూడదా?"

"చెప్తే మనమూ పోయేటోళ్లం, బిర్యానీ అన్నా తినేటోళ్లం" అన్నాడు వెనక బల్ల మీద ఒకడు.

నవ్వారు గాని ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అందరికీ ఒకేసారి మా కోడలు గుర్తొచ్చింది.

మా అబ్బాయి ఇరవై ఏళ్లు పలకరాయి కోశాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరింది. ఇప్పుడు మంచం మీంచి గడప దాకా నడిస్తే ఆయాసం. మా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదంటే బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే పని కోడలికి ఉండబట్టే. ఆ పని సంగతి మా వైపు అందరికీ తెలుసు. ఎక్కడా రాసి ఉండదు. ఏ పార్టీ ఏలుతుంటే ఊళ్లో ఆ పార్టీ నాయకుడు చెప్పిన మనిషే బడి పొయ్యి ముందు కూర్చోవాలి. గద్దె మారితే గరిటె మారుతుంది. పోయినసారి మేమందరం ఇప్పుడు ఏలుతున్న ఈ పార్టీ వైపు నిలబడ్డామని బియ్యం గది తాళంచెవి మా కోడలి కొంగుకు చేరింది. ఓట్లు ఇంకో నెలలో ఉన్నాయనగా నేను చేసిన పని ఇది.

పని ఎట్లా జరిగిందో చెప్పాలి. ముందు రోజు సాయంత్రం అవతలి పార్టీ కుర్రనాయకుడొకడు ఇంటికొచ్చి, "తాతా, నీకు సన్మానం చేస్తున్నాం, వాడలో ఇంతమందికి అక్షరాలు నేర్పినావు గదా" అన్నాడు. అతనికీ నేనే నేర్పాను. డెబ్బై ఆరేళ్ల బతుకులో నాకెవరూ సన్మానం చేయలేదు. అప్పటికప్పుడే ఉతికిన పంచె కట్టుకుని పోయాను. టెంటు కింద మైకు, కుర్చీలు. శాలువా కప్పబోతుంటే ఎవరైనా ఏం చేస్తారు? మెడ వంచుతారు. చర్చిలో ప్రార్థనకు వంచీ వంచీ నాకది మరీ అలవాటు. మెడ వంచాను. ఎత్తేసరికి భుజాల మీద ఉన్నది శాలువా కాదు. చప్పట్లు అయిపోయాయి, ఫొటో అయిపోయింది.

పేపరులో ఫొటో పడ్డ రోజు మధ్యాహ్నమే హెడ్మాస్టరు మా ఇంటికొచ్చాడు. లోపలికి రాలేదు, బండి మీదే కూర్చుని మా కోడలితో మాట్లాడాడు.

"తాళంచెవి సోమవారం దాకా నీ కాడనే ఉంచుకోమ్మా. తరవాత పైవాళ్లు ఎట్ల చెప్తే అట్ల. నన్నేమనుకోవద్దు."

ఆయన పోయాక కోడలు నా వైపు చూడకుండానే అంది.

"నీకు శాలువా కావాలంటే నాతో చెప్తే ఏం పోయిండె మామా? సంతలో దెచ్చి నేనే కప్పేదాన్ని."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. నేను తలెత్తి నలుగురికి నీతులు చెప్పినవాణ్ణి. మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల నుంచీ ఓట్లు చూశాను. ఈ ఊరి నాయకుడి తండ్రి మా వాడ మొత్తాన్ని ట్రాక్టరెక్కించి తీసుకుపోయి, ఎక్కడ ముద్ర కొట్టాలో చూపించిన రోజులు నాకు తెలుసు. అప్పుడు మా ఓట్లన్నీ ఒకే మూట. ఆ మూట విప్పాలనే కదా నేను చీకటిపడే వేళ లాంతరు పెట్టి వీళ్లకు అక్షరాలు దిద్దించింది! ఇప్పుడు మూట విడిపోయింది. విడిపోయి ఏమైందంటే, ప్రతి ఇంట్లో పెట్టె అడుగున రెండు కండువాలు మడతపెట్టి ఉన్నాయి. సర్వే అంటూ ఫోన్లో ఆడగొంతు, ఈ పార్టీకైతే ఒకటి నొక్కండి, ఆ పార్టీకైతే రెండు నొక్కండి అంటుంది. మా పక్కింటాయన పొద్దున వచ్చిన ఫోనుకు ఒకటి నొక్కి, సాయంత్రం వచ్చినదానికి రెండు నొక్కాడు. "ఎవురూ బాధపడగూడదు గదన్నా" అంటాడు. నవ్వులాటకు కాదు, భయంతోనే అన్నాడు. గాలి ఎటు తిరుగుతుందో ఎవరికీ అంతు పట్టడం లేదు. పుల్లలచెరువు వైపు అటు తిరిగిందట, కురిచేడులో ఇటేనట. ఎవరింటి ముందు ఎవరి బండి ఆగిందా అని అందరూ తలుపు సందులోంచి చూస్తున్నారు. శనివారం పొద్దున బంకు దగ్గర నా బల్ల మీద ఇద్దరే కూర్చున్నారు. మిగతావాళ్లు నిలబడే టీ తాగారు.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు రాబోయే ఎన్నికల కోసం ప్రార్థించారు, ఎవరు గెలవాలో చెప్పకుండా. అది కాగానే నేరుగా అధికార పార్టీ నాయకుడి ఇంటికి పోయాను.

రేకుల పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలు చాలానే ఉన్నాయి. కూర్చోమనలేదు. నాకంటే పాతికేళ్లు చిన్నవాడు, అయినా 'అన్నా' అనాల్సింది నేనే.

"ఏమయ్యా, ముసలితనంలో మెడకు చలేసిందా?" అన్నాడు.

"సన్మానమని పిలిచినారన్నా. శాలువా అనుకున్నా."

"పేపరు చదివే కళ్లకు కండువా కనబడలేదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను తెగించే పోయాను కాబట్టి చెప్పేశాను. "మీ కండువా కప్పుకుంటానన్నా. ఫొటో తీయించుకో. ఆ ఆడబిడ్డ పని మాత్రం ఉండనీ."

"నీ మెడ నాకెందుకయ్యా? రేపు ఇంకోడు ఇంకోటి కప్పుతాడు. నాకు నీ నోరు గావాల. రేపు బంకు కాడ పేపరు చదివినాక, నన్ను మోసం చేసి కప్పినారని ఒక్క మాట చెప్పు. మావాడు ఫోన్లో తీసుకుంటాడు. అంతే."

"చెప్పకపోతే?"

"మీ కోడలు పప్పు బాగా చేస్తాదంట గదా" అంటూ లేచి లోపలికి పోయాడు.

ఎండలో నడిచి ఇంటికి వస్తుంటే ఆయన చెప్పమన్న మాటే నమిలాను. అందులో అబద్ధం లేదు. మోసం చేసే కప్పారు. కానీ కప్పాక నేనేం చేశాను? భుజం మీద ఉన్నది కండువా అని తెలిశాక రెండు వేళ్లతో తీసి కుర్చీ మీద వేస్తే సరిపోయేది. తియ్యలేదు. చప్పట్లు వినబడుతున్నాయి. ఆ కుర్రవాడు మైకులో 'మా గురువు' అన్నాడు. దాన్ని అట్లాగే మెడలో వేసుకుని ఆటోలో ఇంటిదాకా వచ్చి, జాగ్రత్తగా మడిచి చిలక్కొయ్యకు తగిలించాను. ఎవరో మోసం చేశారని ఒక్కటే చెబితే ఈ మిగతాదంతా ఎక్కడికి పోతుంది?

కోడలు బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉంది. విషయం చెప్పాను.

"చెప్తావా మామా?"

"చెప్తా."

"ఎంత చెప్తావు?"

నా సంగతి ఆమెకు బాగా తెలుసు. చేట పక్కన పెట్టి, మంచం మీద దగ్గుతున్న మా అబ్బాయి వైపు ఒకసారి చూసింది.

"నీ నోరు నీది, నా పొయ్యి నాది. రెండూ ఒక ఇంట్లోయే. అది గుర్తు పెట్టుకో."

సోమవారం పొద్దున బంకు దగ్గర ఎప్పుడూ లేనంత మంది. సంగతి ముందే పాకింది. నాయకుడి మనిషి ఎదురుగా ఫోను పట్టుకుని నిలబడ్డాడు. పేపరు మొత్తం చదివాను, వానల మాటా, మిరప ధరా ఏదీ వదలకుండా. మడిచి పక్కన పెట్టాను.

"మొన్న సన్మానమని పిలిచి, నన్ను మోసం చేసి కండువా కప్పినారు" అన్నాను. "అది నిజం."

"చాలు తాతా" అన్నాడతను, ఫోను దించబోతూ.

"ఇంకా ఉంది, ఆగు నాయనా. కప్పినాక నేను తియ్యలేదు. చప్పట్లకు ఆశపడినా. అదీ నిజం. ఈ మాట చెప్పకపోతే మా కోడలి తాళంచెవి పోతాదన్నట్టు నిన్న నాకు తెలియజెప్పినారు. అదీ నిజం. మూడూ కలిపి వినండి."

అతను నన్ను చూసి, జనాన్ని చూసి, బండి స్టార్టు చేసుకుని పోయాడు. ఆటో వచ్చి హారను కొట్టింది. డ్రైవరు ఎక్కమనలేదు, తనే దిగి వచ్చి ఒక టీ చెప్పి నా చేతికిచ్చాడు. కోడలు అప్పటికే బడికి పోయింది. ఒంటిపూట బడులు, పొద్దున్నే పొయ్యి వెలిగించాలి. వెలిగించనిస్తారా అన్నదే నాకు తెలియదు.

మిట్టమధ్యాహ్నం దాటాక వచ్చింది. ముందు నేను చూసింది ఆమె కొంగు. తాళంచెవి ఉంది. కొంగుతో మొహం తుడుచుకుని, ఫోను తీసి నా ముందు పెట్టింది. పొద్దుటి వీడియో మండలంలో ప్రతి వాట్సాప్ గ్రూపులో తిరుగుతోందట. అందులో నేను నోరు తెరిచి, మోసం చేసి కండువా కప్పినారని అంటాను. 'అది నిజం' అనేలోపే బొమ్మ ఆగిపోతుంది.

"మిగతాది లేదే!" అన్నాను. నిజంగానే మండిపోయింది. "నేను మూడు మాటలు చెప్పినా! సగం నరికినారు!"

"బంకు కాడ ఆమె చెప్పింది, మూడూ చెప్పినావంట" అంది మా కోడలు. నా ముందు గిన్నెలో పప్పన్నం పెట్టి, మా అబ్బాయికి కలపడానికి పోతూ అంది.

"నరికినారు గాబట్టే ఈ రోజు పొయ్యి వెలిగిచ్చినా మామా. తిను."

తిన్నాను. పప్పు బాగుందనే మాట నోటిదాకా వచ్చింది గాని, ఆ నాయకుడు అన్న మాటే అది. అనలేకపోయాను.