పొటాషియంలో పంతొమ్మిదో ఎలక్ట్రాన్

2021 జూన్‌లో, నా పదవీ విరమణకు ఇంకా పది నెలలుండగా, సూరత్‌లో నేను పనిచేసే తెలుగు మీడియం హైస్కూల్లో నాకు రిపీటర్ల తరగతి అప్పగించారు. రిపీటర్లంటే పదో తరగతి తప్పి మళ్లీ రాసేవాళ్లు. కరోనా వల్ల ఆ ఏడాది రెగ్యులర్ పిల్లలందరినీ పరీక్ష లేకుండానే పాస్ చేశారు, వీళ్లకు మాత్రం తప్పలేదు. నేను సైన్స్ అసిస్టెంట్ టీచర్‌ని. ముప్పై ఏళ్ల సర్వీసు, దానికి తగ్గ కోపం. మాస్కు కట్టుకుని కేకలెయ్యడం ఎంత కష్టమో ఆ ఏడాదే తెలిసింది.

తరగతికి వచ్చేది ఐదుగురు. వాళ్లందరిలోకీ పెద్దది పద్మ, ముప్పై నాలుగేళ్ల మనిషి. భార్యాభర్తలిద్దరూ సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, మా ఊళ్లోనే లింబాయత్‌లో ఉంటున్నారు. భర్తది మగ్గాల కార్ఖానాలో పని, తను ఇంట్లోనే చీరలకు లేసు కుట్టేది. సూరత్ దగ్గరున్న కిమ్‌లో ఒక అద్దకం మిల్లు ల్యాబ్‌కి సహాయకురాలు కావలసి వచ్చింది. పది పాసై ఉండాలి. అక్కడి మేనేజరు తెలుగాయన కావడంతో ఫలితాలొచ్చేదాకా ఆగుతానన్నాడు. పద్మ అప్పటికే రెండుసార్లు సైన్సులోనే తప్పింది. మూడోసారీ తప్పితే ఆ పని ఇంకొకరికి పోతుంది.

అలాంటివాళ్ల చేత ఖాయంగా మార్కులొచ్చే ప్రశ్నలు ముందు వల్లె వేయిస్తాం. మొదటి ఇరవై మూలకాల ఎలక్ట్రాన్ అమరిక అందులో ఒకటి. పరమాణువు మధ్యలో కేంద్రకం, దాని చుట్టూ కక్ష్యలు. ఒక్కో కక్ష్యలో గరిష్ఠంగా ఎన్ని ఎలక్ట్రాన్లు పడతాయో చెప్పే సూత్రం ఉంది. కక్ష్య సంఖ్యను వర్గం చేసి రెండుతో గుణించాలి. మొదటిదానిలో రెండు, రెండోదానిలో ఎనిమిది, మూడోదానిలో పద్దెనిమిది. పద్దెనిమిదో మూలకం ఆర్గాన్ దాకా పద్మ చకచకా రాసేసింది. పంతొమ్మిదోదైన, అంటే పంతొమ్మిది ఎలక్ట్రాన్లున్న పొటాషియంకి 2, 8, 9 అని రాసింది. నేను కొట్టేసి 2, 8, 8, 1 అని దిద్దాను.

“గదేంది మేడమ్? మూడోదాంట్ల పద్దెనిమిది పడ్తయని మీరే చెప్తిరి. ఎనిమిదే నిండినయ్. ఇంక జాగ ఉండంగ నాలుగోదాంట్లకు ఎందుకు పోవాలె?” అంది.

పరీక్ష పది రోజుల్లోకి వచ్చింది. నాకు ఒళ్లు మండింది. రూలంటే రూలే, పాసవ్వాలని ఉంటే చెప్పింది రాయమన్నాను.

“రాస్త మేడమ్. గని నమ్మబుద్ధి అయితలేదు.”

మిగిలిన నలుగురూ మాస్కుల చాటున నవ్వుకున్నారు.

మర్నాడు పద్మ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ స్విచాఫ్. నా నోటి దురుసుతో ఒక మనిషి పని పోగొడుతున్నానేమోనని భయం పట్టుకుంది. అడాజన్‌లోని మా ఫ్లాట్‌లో, అటక మీదున్న నా డిగ్రీ పుస్తకం దించి చూశాను. జవాబు అందులో శుభ్రంగా ఉంది. ఒకప్పుడు పరీక్షలో నేనే రాసి మార్కులు తెచ్చుకున్న జవాబు! ఎలక్ట్రాన్ ఖాళీ ఎక్కడుందో చూడదు, తక్కువ శక్తితో ఎక్కడ ఉండొచ్చో చూస్తుంది. మూడో కక్ష్యలో మిగిలిన చోట్లకంటే నాలుగోదానిలో మొదటి రెండు చోట్లకు శక్తి తక్కువ. అందుకే అవి ముందు నిండుతాయి.

స్కూటీ వేసుకుని లింబాయత్ వెళ్లాను. కోపమొచ్చి మానేశావా అని అడిగితే పద్మ పకపకా నవ్వింది.

“అయ్యో, కోపమేంది మేడమ్! టీక ఏయించుకున్న, రెండు దినాలు జరం ఇడువలే. ఫోన్ల చార్జింగ్ గిట్ల ఎవలు జూస్తరు?”

నా తప్పు ఒప్పుకుని, పుస్తకంలో ఉన్నది చెప్పాను. పద్మ వేలెత్తి పైకి చూపించింది.

“మా బిల్డింగ్ లెక్కనే ఉన్నది. మూడో ఫ్లోర్ల ఎనక రూములు ఖాళీ, గని నిచ్చెనెక్కి పోవాలె. కిరాయికొచ్చినోళ్లు గవి ఇడిసిపెట్టి, నాలుగో ఫ్లోర్ల మెట్ల పక్కన రెండు రూములే ముందుగాల పడ్తరు. గవి నిండినంకనే నిచ్చెన రూములు.”

అచ్చంగా అంతే. పొటాషియం తర్వాత కాల్షియంతో ఆ రెండు చోట్లూ నిండుతాయి. ఇరవై ఒకటో మూలకం స్కాండియం నుంచి మళ్లీ మూడో కక్ష్య నిండడం మొదలవుతుంది. దాని అమరిక 2, 8, 9, 2 అని చెప్పాను.

“జూశిన్రా మేడమ్! నా తొమ్మిది ఆఖరికి ఒచ్చింది!” అని చప్పట్లు కొట్టింది. నాకూ నవ్వాగలేదు. అంత చక్కని పోలిక ముప్పై ఏళ్లలో నాకు ఒక్కసారి తట్టలేదు.

పద్మకు సైన్సులో యాభై రెండు వచ్చాయి. మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు, ఆమె కిమ్‌లో చేరింది. రిటైరయ్యేదాకా మిగిలిన నెలల్లో నేను ఆ పాఠంలో కక్ష్యల సూత్రం, శక్తి సంగతి రెండూ కలిపే చెప్పాను.

ఏటా బోర్డు జవాబుపత్రాలు దిద్దే కేంద్రానికి నన్ను పంపేవారు. ప్రతి కట్టలోనూ పొటాషియంకి 2, 8, 9 అని రాసినవాళ్లు కొందరుండేవారు. అజాగ్రత్త అనుకుని సున్నా వేసేదాన్ని. నిజానికి వాళ్లు సూత్రాన్ని జాగ్రత్తగా విని, నమ్మి, లెక్క కట్టినవాళ్లు. లోటు మా పాఠంలో ఉంది, మార్కు వాళ్లకు పోయింది.