నీడ పోయేదాకా

రథసప్తమి, మధ్యాహ్నం. పెనుకొండ బడి మైదానంలో హాజరైనవారు: ఎనిమిదో తరగతి పిల్లలు, వాళ్ళ సైన్సు టీచరు వాణి, ముఖ్య అతిథిగా మా పాత లెక్కల సారు, నేను, మా అవ్వ రోకలి.

డైరీలో రాసుకున్నది ఇంతే. కానీ మైదానంలో నిలబెట్టిన ఆ రోకలికి ఎండ తగలగానే ఎండుమిరప, నువ్వుల వాసన లేచి మిగతాదంతా గుర్తుకొచ్చింది.

చిన్నప్పుడు రథసప్తమి తెల్లవారుజామున అవ్వ మా నెత్తిన జిల్లేడాకులు పెట్టి నీళ్ళు పోసేది. వాకిట్లో పిడకల మీద పాలు పొంగి, ఆ పొగవాసన పట్టిన పాయసం చిక్కుడాకుల్లో మా చేతికొచ్చేసరికి పొద్దు కొండ మీదికి ఎక్కేది. మా ఇంట్లో గడియారం లేదు. రోటి పక్క గుంటలో నిలబెట్టిన రోకలి నీడ బాగా పొట్టిదైనప్పుడు అవ్వ సంగటికి ఎసరు పెట్టేది, సంగటి కెలికే వేళకు గొర్రెలు తోలుకొని నాయన వచ్చేవాడు. పొట్టిదయ్యేదే గాని, చలికాలంలో ఆ నీడ ఏనాడూ మాయం కాలేదు.

అందుకే, ఏ రోజైనా మిట్టమధ్యాహ్నం దేనికీ నీడ ఉండదని సారు బోర్డు మీద రాసినప్పుడు లేచి, "మా రోకలికి ఉండాది సార్" అన్నాను.

"ఏమబ్బా, మీ అవ్వ రోకలి నాకు పాఠం చెబుతాందా? పో, నీ నీడ పోయేదాకా ఆడ ఎండలో నిలబడు."

చివరి గంట దాకా నిలబడ్డాను. నీడ పోలేదు, సాగి సాగి గోడెక్కింది. ఆ సాయంత్రం నీడ తొక్కుడు ఆటలో పిల్లలు నా నీడ తలనే వెతికి వెతికి తొక్కారు. ఆ బడిలో చదువు ముగిసేదాకా నా పేరు రోకలోడే.

ఆ బడిలో చదివినవాణ్ణని మొన్న వాణి నా దగ్గరికి వచ్చింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లలు ఒకే రోజు, ఒకే పొడుగు కర్రతో మధ్యాహ్నపు నీడ కొలిచి, భూమి ఎంత పెద్దదో లెక్క కడతారట; ఆ ప్రాజెక్టుకు అతిథి ఎవరైతే బాగుంటుందని అడిగింది. తడుముకోకుండా సారు పేరు చెప్పాను, మన బడి కర్రకు మా అవ్వ రోకలి ఇస్తానన్నాను. ఎనభై దాటినా ఆయన మాట మార్చుకునే మనిషి కాదు.

మార్చుకోలేదు. మిట్టమధ్యాహ్నం దేనికీ నీడ ఉండదని మైకులో అదే మాట అన్నాడు. ముందు వరుసలో ఒక పిల్ల లేచి, "ఉండాది తాతా, రా చూపిస్తాం" అని చెయ్యి పట్టుకొని రోకలి దగ్గరికి నడిపించింది. ఈలోగా ఫోన్లు వచ్చాయి: హిందూపురంలో నీడ మనకన్నా కాస్త పొట్టి, ధర్మవరంలో కాస్త పొడుగు. యాడా మాయం కాలేదు. వాణి సారుకు కుర్చీ తెప్పించబోయింది.

"వద్దమ్మా," అన్నాను. "నీడ పోయేదాకా నిలబడతారు."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు... రోకలోడివి కదూ?"

"అవును సార్."

ఆయన చొక్కా చెమటకు వీపుకంటుకుంది. పిల్లలు ఆయన నీడ కూడా కొలిచారు. నా కడుపుమంట సగం చల్లారింది.

మరుసటి పొద్దున మా ఇంటి గేటు దగ్గర సారు, చేతిలో కొలత టేపు.

"మిక్సీ వచ్చినాక మా ఇంట్లో రోకలి పారేసినామప్పా. మా వీధంతా అడిగినా, యాడా లేదు. మీ అవ్వది ఒక్కపూట ఇయ్యి, నేనే కొలిచి చూసుకుంటా."

నిజమే. వాకిట్లో రోకలి నిలబెట్టే ఇల్లు ఊళ్ళో నాకూ కనబడటం లేదు. మాది తలుపు వెనకే ఉంది.

"రోకలెందుకు సార్? మీ నీడ ఉండాది గదా," అని ఎండ పడే చోటు చూపించాను.

ఆయన వెళ్ళి నిలబడ్డాడు. నేను కుర్చీ వేయలేదు.