మూత లోపలి కాగితం

నిన్న ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, తమిళనాడు గుడియాత్తంలోని అన్న ఇంట్లో, పాత ఇనుము కొనే మనిషి వచ్చేలోపు ఒక్కసారి చూద్దామని మా అన్న సర్వర్‌కు స్విచ్ వేశాను. అన్న పోయి నాలుగు నెలలైంది.

అది నాలుగు ప్రాసెసర్ల యంత్రం. వేలూరులో ఒక ఆఫీసు వదిలించుకున్నదాన్ని అన్న తెచ్చుకొని, లైనక్స్ ఎక్కించి, ఇంటి ముందుగదిలో పెట్టాడు. మాది ఇళ్ళు కట్టే కుటుంబం. ఏ స్లాబుకు ఎంత ఇనుప కంబి వేయాలో చెప్పే ప్రోగ్రామును తొరపాడిలో నా ఇంట్లో కూర్చుని నేను రాశాను, పనిని నాలుగు ప్రాసెసర్లకూ పంచేలా రాశానని గర్వపడ్డాను కూడా. యంత్రం అన్నది, లెక్క నాది. ఒకరి దాంట్లో ఒకరం వేలు పెట్టకూడదన్నది మా ఒప్పందం. యంత్రంలో ఏది మార్చినా కాగితం మీద రాసి మూత లోపల అంటించడం అన్న అలవాటు. మన వయసువాళ్ళలో సర్వర్లు చూసుకున్నవాళ్ళకు ఆ పద్ధతి గుర్తుండే ఉంటుంది.

మొదట్లో వేగంగా నడిచింది, తరువాత నెమ్మదించింది. బస్సు దిగి వచ్చి, మేస్త్రీలు టీ తాగుతూ వింటుండగా అన్నను దెప్పేవాణ్ణి.

“నాలుగెద్దులు కట్టి ఒంటెద్దు నడక నడిపిస్తా ఉండావే అన్నా. మూడింటికి మేత మరిచిపోయినావా?”

“దానికి వయసైందప్పా. నిదానంగా పోనీ.”

మేస్త్రీలు నవ్వేవాళ్ళు, అన్న కూడా. లెక్క ఆలస్యమై పేర్ణాంబట్టులో ఒక పెద్ద పని చేజారినప్పుడు మాత్రం, నవ్వకుండా, యంత్రాన్ని చూసుకోవడం చేతకాని మనిషివని అందరి ముందూ అన్నాను. ఆ తరువాత నేను ఆ గదికి వెళ్ళడం తగ్గించాను.

నిన్న తెర మీద వరుసలు దొర్లుతుంటే ప్రాసెసర్ల దగ్గర ఒకటి అని వచ్చింది. మూడు చెడిపోయాయనుకున్నాను. చెడిపోలేదు, ఒక్కటే నడవాలన్న ఆదేశం ఆ వరుసల్లోనే ఉంది, అన్నే రాసి పెట్టాడు. కరెంటు తీసి మూత విప్పాను, లోపల అన్న కాగితం అంటించి ఉంది. అన్నకు తెలుగు లిపి రాదు, మా తెలుగును తమిళ అక్షరాల్లో రాసేవాడు. కూడబలుక్కుని చదివాను.

“నాలుగూ కలిసి నడిస్తే తమ్ముని లెక్క ఒక్కోసారి తప్పుతా ఉండాది. కంబి తక్కువ చూపిస్తా ఉండాది. ఒకటే నడిస్తే సరిగా వస్తాది. పాత లెక్కలన్నీ మళ్ళా చేసినా. రెండు ఇండ్లకు స్లాబు పోయకముందే కంబి పెంచినాము. ఇది చూసినోళ్ళు వానికి చెప్పొద్దండి.”

నాలుగు ప్రాసెసర్లూ ఒకే అంకెను ఒకేసారి మార్చబోతే ఒకదాని మీద ఒకటి రాసేస్తాయి. దానికి అడ్డు పెట్టకుండా రాసింది నేను. ఆ స్లాబుల కింద ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు.

వదిన కాఫీ తెచ్చింది.

“నీకు తెలుసునా వదినా?”

“తెలుసప్పా. లెక్క రాసినోడు ఒకనాటికి తప్పు వాడే చూసుకుంటాడులే అన్నాడు మీ అన్న. నువ్వు చూడనే లేదు.”

పాత ఇనుము మనిషికి యంత్రం ఇచ్చేశాను, మూత మాత్రం ఇవ్వలేదు. ఇప్పటి సర్వర్లు ఎక్కడుంటాయో నాకు తెలియదు, విప్పి చూడడానికి మూత మన చేతికి అందదు. ఏం మార్చామో, ఎందుకు మార్చామో కాగితం మీద రాసి లోపల అంటించడం ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.