పడవకు ఎదురొచ్చినదాన్ని

దోహాలో, అల్ తుమామాలోని ఓ ఇంట్లో వంట చేస్తాను. ఈ వేసవి సెలవులకు మా మేడం వాళ్ళు ఫ్రాన్సు వెళ్తూ, పిల్లల్ని చూసుకోవడానికి నన్నూ తీసుకెళ్ళారు. కారులో సముద్రం పక్కనున్న చిన్న చిన్న చేపల ఊళ్ళన్నీ తిరిగాం. ఎండిన వలల వాసన తగిలితే చాలు, మా ఊరే అనిపించేది.

ఒక ఊళ్ళో పొద్దున్నే రేవుకు వెళ్ళేసరికి పడవ బయల్దేరుతోంది. నేను గబుక్కున కారు చాటుకు తప్పుకున్నాను. మొగుడు పోయినదాన్ని. నాలాంటిది ఎదురైతే మా ఊళ్ళో ఆ రోజు వేటే మానేస్తారు.

పడవలోని ముసలాయన మాత్రం నన్నే కేకేసి, గట్టున కట్టిన తాడు విప్పమని చేత్తో చూపించాడు.

“యల్లా, జావో!” అంటూ, తొందరగా వెళ్ళమని చెయ్యి ఊపింది మేడం.

ఆయనకు చేపలు పడకపోతే ఆ పాపం నాదే కదా అనుకున్నాను. అయినా విప్పాను. వలల మధ్య పుట్టినదాన్ని, ముడి ఒక్క లాగుకే ఊడింది.

మధ్యాహ్నం దాకా నా కళ్ళు నీళ్ళ మీదే. పడవ బరువుకు కుంగుతూ వచ్చింది, తట్టల నిండా కవళ్ళ చేపలు! ముసలాయన నవ్వుతూ నాకూ ఓ గంపెడు ఇచ్చాడు.

దోహా వచ్చాక మా ఆడపడుచుకు ఫోన్ చేశాను. ఇప్పుడు మా పడవ నడిపేది ఆమె మొగుడే.

“ఓలమ్మో, నువ్వు తాడిప్పీసావా వదినా! సేపలు పడ్డాయేటి?”

“మొయ్యలేనన్ని పడ్డాయే! ఈసారి లీవుకొచ్చినప్పుడు మన పడవ తాడు నేనే ఇప్పుతాను. నీ మొగుడికి సెప్పు, తట్టలు ఎక్కువ సర్దుకోమని.”