బయల్దేరిన రాయి

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు మా అమ్మమ్మ చేతిలో పడాల్సిందే. సైకిలైనా, కుట్టుమిషనైనా, ఆఖరికి టార్చిలైటైనా సరే, తడిపసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, కాసేపు దేవుడి ముందు ఉంచితే గానీ అది మన మాట వినదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం ఒక రోజున మా పిన్ని కొంప ముంచబోయింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. సర్వే పని చదువుకుని, ఒక సర్వేయరు గారి దగ్గర సహాయంగా ఉండేది. కడియం చుట్టుపక్కల మొక్కల తోటలూ, వరిచేలూ ఎండనక వాననక కొలిచేది ఆవిడ, కింద సంతకం మాత్రం ఆయనది. తన సంతకం చెల్లాలంటే లైసెన్సు పరీక్ష గట్టెక్కాలి. అప్పటికే ఒకసారి తప్పింది. చంకలో చంటిపిల్ల కూడా ఉంది కాబట్టి, ఈసారి కూడా పోతే కొలత గొలుసు అటకెక్కించి ఇంటిపట్టున ఉండమని అత్తవారు తేల్చి చెప్పేశారు. పిన్ని సరేనంది. ఆ సరే అనడంలో ఎంత బాధ ఉందో చిన్నదాన్నైనా నాకు తెలిసింది.

సెలవుల్లో పిన్ని నన్ను చేలకు తీసుకెళ్లేది. మూలనున్న హద్దురాయి దగ్గర మొదలుపెట్టి, గట్ల వెంబడి కొలుచుకుంటూ చేను చుట్టూ తిరిగి, మళ్లీ ఆ రాయి దగ్గరికే వచ్చేవాళ్లం. "బయల్దేరిన రాయి దగ్గరికే తిరిగి రావాలే. కాయితం మీద కూడా అంతే. లెక్క అక్కడికి చేరలేదంటే దారిలో ఎక్కడో తప్పేశావన్నమాట" అనేది. నాకు సగమే అర్థమయ్యేది. కానీ రాయిని మళ్లీ చూసినప్పుడల్లా ఇల్లు చేరినట్టుండేది.

మస్కట్‌లో ఉన్న మావయ్య పిన్నికి ఒక గొప్ప కాలిక్యులేటరు పంపాడు. సూత్రాలన్నీ అందులోనే దాచుకోవచ్చట. అయితే హాల్ టికెట్టు వెనక నిబంధనలు ఉన్నాయి. దాచుకునే వీలున్న యంత్రాలు తేకూడదు, మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటరు ఒక్కటే తెచ్చుకోవచ్చు, హాల్లో ఒకరిది ఇంకొకరు ముట్టుకోకూడదు. పిన్ని మావయ్య పంపినదాన్ని బీరువాలో పెట్టేసి, రాజమండ్రిలో మామూలుది కొనుక్కుంది. అంటే ఇంట్లోకి కొత్త వస్తువు వచ్చింది. ఇక అమ్మమ్మ ఊరుకుంటుందా? పరీక్ష రోజు పొద్దున పిన్ని స్నానానికి వెళ్లగానే, ఎంతో ప్రేమగా, మీటల సందుల్లోకి దిగేలా తడిపసుపు పట్టించి, కుంకుమబొట్టు పెట్టింది. పిన్ని వచ్చి చూసి, గబగబా చెంగుతో తుడిచి, నొక్కి చూసింది. అంకెలు కనిపించాయి. బతికాం అనుకుని బస్సెక్కాం.

చంటిదాని పాల కోసం అమ్మమ్మా నేనూ కూడా వెళ్లాం. హాలు బయట వరండాలో, కిటికీ పక్కన కూర్చున్నాం. గుమ్మం దగ్గర సూపర్‌వైజరు గారు ప్రతి కాలిక్యులేటరునూ తిప్పి, మూత తీసి చూసి లోపలికి పంపారు. కుంకుమ అంటుకున్న పిన్నిదాన్ని మరికాస్త ఎక్కువసేపు చూశారు.

పరీక్ష మొదలైన కాసేపటికి పిన్ని దాన్ని విదిలించడం చూశాను. పసుపునీళ్లు లోపలికి దిగినట్టున్నాయి. తెర మీద నల్లటి మచ్చ ఒకటి పాకి, అంకెలు మాయమయ్యాయి. పిన్ని లేచి నిలబడింది. మొహంలో రక్తం లేదు. సూపర్‌వైజరు గారు ఆవిడతో ఏదో మాట్లాడి, వరండాలోకి వచ్చారు. అమ్మమ్మ సంగతి పసిగట్టి రెండు చేతులూ జోడించేసింది.

"బాబుగారూ, పాపం నాదండి. పసుపు రాసింది నేనేనండి. దానికి ఇంకో మిషను ఇప్పించండి, మీకు పుణ్యముంటుంది."

"ఇవ్వకూడదండి అమ్మగారూ. పక్కవాళ్లది తీసుకుంటే పేపరు నేనే లాగేసుకోవాలి" అన్నారాయన. అమ్మమ్మ కూలబడిపోయింది. ఆయన రెండడుగులు వేసి, ఆగి, "కానీ లాగ్ టేబుల్స్ అడిగినవాళ్లకి ఇవ్వాలని కూడా ఆ రూల్సులోనే ఉందండి. ఈ మధ్య ఎవరూ అడగడం మానేశారు. ఉన్నాయేమో వెతుకుతాను, ఉండండి" అంటూ ఆఫీసు గది వైపు వెళ్లారు.

దుమ్ము పట్టిన పలచటి పుస్తకంతో తిరిగి వచ్చారు. దులిపి వెంటనే ఇచ్చేయలేదు. కిటికీ వెలుగులో పేజీ పేజీ తిప్పి, ఎక్కడైనా పెన్సిలు గీత ఉందేమో చూసి, అప్పుడు పిన్ని బల్ల మీద పెట్టారు. ఎంత కచ్చితమైన మనిషో, అంత మంచి మనిషి. ఆ రెండూ ఒక్కరిలోనే ఉండొచ్చని నాకు అంతకుముందు తెలియదు.

కాలిక్యులేటరు లేకుండా లెక్క కట్టుకోవడానికి పిన్ని కాలేజీలో ఎప్పుడో వాడి వదిలేసిన పట్టికలవి. వేలితో వరసలు వెతుక్కుంటూ, పెదవులు కదుపుతూ రాసుకుపోయింది. చుట్టూ మీటలు టకటకలాడుతున్నాయి. ఒకచోట ఆగిపోయింది. రాసిన పేజీనంతా అడ్డంగా కొట్టేసింది. "అయ్యో, కొట్టేస్తోందే!" అని అమ్మమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. పిన్ని కళ్లు మూసుకుని కాసేపు కూర్చుని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. చాలాసేపటి తర్వాత తలెత్తింది. ఆ మొహంలో వెలుగు నేను ఎరుగుదును. చేను చుట్టివచ్చి రాయిని చూసినప్పటి వెలుగది.

తిరుగు బస్సులో చంటిదానికి పాలిస్తూ చెప్పింది. "మొదటిసారి లెక్క రాయి దగ్గరికి రాలేదే. పక్క చేలో తేలాను. అందుకే కొట్టేశాను. రెండోసారి సరిగ్గా దాని మీదకే వచ్చాను." బల్ల ముందు నుంచి కదలకుండా, ఎన్నడూ చూడని చేను చుట్టూ తిరిగి, దారి తప్పానని తనే పట్టుకుని, తనే ఇల్లు చేరింది మా పిన్ని. నేను ఊరొచ్చేదాకా ఆవిడ చేతులవంకే చూస్తూ కూర్చున్నాను. అవి మామూలు చేతుల్లా అనిపించలేదు.

లైసెన్సు వచ్చిన రోజున అమ్మమ్మ అలవాటు కొద్దీ కుంకుమభరిణె తెచ్చింది. పిన్ని ఆ కాయితాన్ని చటుక్కున వెనక్కి దాచుకుంది. "దీనికొద్దమ్మా, నాకు పెట్టు" అంటూ నుదురు చూపించింది. అమ్మమ్మ బొట్టు పెడుతూ ఏడ్చేసింది.

ఇప్పుడు నేను పరీక్ష హాళ్లలో సూపర్‌వైజరుగా నిలబడుతున్నాను. ఫోన్లూ, వాచీలూ అన్నీ గుమ్మం దగ్గరే తీయించేస్తాం. నన్ను కచ్చితమైన మనిషంటారు. ఎవరి యంత్రమైనా మొరాయించి, మొహం పాలిపోయి ఎవరైనా లేచి నిలబడితే మాత్రం, నిబంధనల కాయితం మొదటి నుంచి చివరిదాకా ఇంకోసారి చదువుతాను. వాళ్లకి ఇవ్వదగ్గది అందులో ఏదో ఒకటి ఉండకపోదని నాకు ఇప్పటికీ ఆశ.