గెలిస్తేనే ఫీజు, ఖర్చులు వేరే

ఓడిపోయిన మనిషి దగ్గర నేను ఒక్క రూపాయి కూడా ఫీజు తీసుకోలేదు. అనంతపురంలో నల్లకోటు తొడుక్కుని తిరిగిన వాళ్ళలో ఈ మాట గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఫ్యాక్టరీలో చెయ్యో కాలో చెడగొట్టుకుని, బీమావాళ్ళు కట్టిన నెలవారీ భత్యం చాలక అప్పీలుకు వచ్చినవాళ్ళ కేసులు వందకు పైగా నడిపాను. తొంభై గెలిచాను. చిలమత్తూరు ఆమె కేసులోనైతే మెడికల్ బోర్డు ముందు లేచి నిలబడి మూడంటే మూడు మాటలు మాట్లాడాను. ఎదురుగా కూర్చున్న డాక్టర్లు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఈ కథ పెళ్ళిభోజనాల దగ్గర చెప్పాను, బస్సుల్లో చెప్పాను, పన్ను పీకించుకోవడానికి పోయి నోరు తెరిచే ముందు కూడా చెప్పాను. ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు నిండాయి కాబట్టి కొంచెం సరిచేస్తాను. వంద కాదు, పదిహేడు. గెలిచినవి తొమ్మిది. బోర్డు ముందు నేను మాట్లాడింది ఒక్కటే మాట, ‘నమస్కారం’. ఒక డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకున్నది మాత్రం నిజం. ఆ రోజు దుమ్ముగాలి లేచింది.

ఫీజు సంగతి ఇంత సులభంగా సరిచేయలేను. దాన్ని మొదటినుంచీ చెప్పాలి.

ఆ ఏడు బుడ్డలు, అదే వేరుశనగ, గింజ పట్టలేదు. అంతకుముందు ఏడూ పట్టలేదు. చిలమత్తూరు చుట్టుపక్కల ఆడవాళ్ళు పొలం మాట మానేసి తెల్లవారగానే బట్టల ఫ్యాక్టరీ వ్యాను ఎక్కేవాళ్ళు. నేను కేసు నడిపిన ఆమె కూడా ఎక్కింది. ఒక రోజు బట్టల మోపులు వేసిన తోపుడుబండి ఆమె కుడి చీలమండ మీదికి ఎక్కింది. ఎముకకు ప్లేటు వేశారు. కొన్నాళ్ళకు బోర్డువాళ్ళు చూసి, సంపాదించే శక్తి పెద్దగా పోలేదని తేల్చి, నెలకు కూరగాయలకు కూడా రానంత భత్యం రాశారు. దానిమీద అప్పీలు చేయడానికి ఆమె నా ఆఫీసుకు వచ్చింది.

“ఇప్పుడేం పని చేస్తావమ్మా?” అని అడిగాను.

“ఇంట్లో మిషనుండాది సార్. మంచి కాలితో తొక్కి జాకెట్లు కుడతాండా.”

“ఆ మాట ఈడ అన్నావు, సరిపాయ. ఇంగ యాడా అనద్దు,” అన్నాను.

“ఏం సార్, దొంగతనమా అది?”

“సంపాదించే శక్తి పోయిందని గదమ్మా మనం రాసేది. కుడతాండావని తెలిస్తే ఆ శక్తి యాడికి పోయింది అంటారు.”

ఆమె ఫీజు ఎంతని అడిగింది. నాకు ఇష్టమైన ఘట్టం అదే. కుర్చీలో వెనక్కి వాలి, “గెలిస్తేనే. ఓడిపోతే నువ్వు నాకు కాఫీ కూడా ఇప్పించొద్దు,” అన్నాను. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం మా వృత్తిలో నిషిద్ధం. అందువల్ల ఎవరూ మాట్లాడుకోరు. జరిగేది ఏమిటంటే, బ్యాంకులో సొమ్ము పడిన రోజు క్లయింటు వెంట వకీలు కూడా వెళతాడు. ముందుగా ఎదురు హోటల్లో తన జేబులోంచి దోసె తినిపిస్తాడు. కాఫీ వచ్చేసరికి “నీకు తోచినంత ఇయ్యమ్మా” అంటాడు. తోచవలసింది నాలుగో వంతని గుమాస్తా వరండాలో ఏనాడో చెప్పి ఉంటాడు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. భత్యం పెంచితే, పెంచినది దెబ్బ తగిలిన కాలంనుంచీ లెక్క కట్టి, వెనకటి బాకీ అంతా ఒకేసారి ఇస్తారు. తీర్పు ఎంత ఆలస్యమైతే ఆ ముద్ద అంత పెద్దదవుతుంది, అందులో నాలుగో వంతూ అంతే. ఏ వకీలూ ఈ సంగతి పైకి అనడు. నేను మాత్రం మా ఇంటావిడతో ఒకసారి అన్నాను. ఆ రాత్రి అన్నం నేనే వడ్డించుకున్నాను.

అప్పీలు వేయకముందు ఒకసారి చిలమత్తూరు వెళ్ళి ఆమె ఇల్లు చూశాను. కిటికీ పక్కన మిషను. పైన తీగకు సుద్ద గీతలు గీసిన జాకెట్టు ముక్కలు వేలాడుతున్నాయి. ఎడమ కాలు తొక్కుతుంటే, పక్కనే పెట్టిన దెబ్బ కాలు కూడా దాని వెంట కొద్దిగా పైకీ కిందికీ ఆడుతోంది.

“కేసు అయిపోయేదాకా ఇది ముయ్యి. పైన దుప్పటి కప్పు. బీమా ఇన్‌స్పెక్టరు ఎప్పుడైనా వస్తాడు,” అన్నాను.

“ఎన్నాళ్ళు సార్?”

“ఆరు నెల్లు.”

“ఆరు నెల్లు కుట్టకపోతే నా గడప ఎవరు తొక్కుతారు సార్? వెనకవీధిలో ఇంకొకామె మిషను పెట్టుకోనుండాది. గిరాకీ అంతా ఆడికే పోతాది. ఈ మిషను తప్ప నాకేముండాది?”

“భత్యం వస్తాది గదమ్మా,” అన్నాను.

నెల గడిచాక ఆమెకు కబురు పెట్టాను. టైపింగు, నకళ్ళు, ప్రైవేటు ఎముకల డాక్టరు రిపోర్టు, వీటికి డబ్బు కావాలి. ఇది ఫీజు కాదమ్మా, ఖర్చులు, అని నొక్కి చెప్పాను. ఎప్పటికి కావాలి సార్ అని మాత్రం అడిగింది. వచ్చే వాయిదాకు అన్నాను. వాయిదాకు తెచ్చింది, నేను అడిగింది అడిగినట్టు, రూపాయి తగ్గకుండా. యాడ తెచ్చినావమ్మా అని నేను అడగలేదు. అలా అడగడం మర్యాద కాదని అప్పుడనుకున్నాను. అడిగి తెలుసుకుంటే తీసుకోలేనేమోనని భయపడ్డానని ఇప్పుడనుకుంటున్నాను. అందులో సగం నిజంగానే రిపోర్టుకు పోయింది. మిగతా సగానికి నా స్కూటరుకు కొత్త టైర్లు వచ్చాయి. స్కూటరు మీదే కదా కోర్టుకు పోయేది అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను.

తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కబురు ముందే తెలిసి నేనూ వెళ్ళాను. తీగ ఖాళీగా ఉంది. కిటికీ పక్కన పూల దుప్పటి కింద ఎత్తుగా ఆ ఆకారం. ఇన్‌స్పెక్టరు అటు వేలు చూపించి ఏమిటది అన్నాడు. “పాత సామాను సార్,” అంది ఆమె, కన్ను ఆర్పకుండా. ఆయన ఎత్తి చూడలేదు. క్లయింటు అంటే ఇట్లుండాల అని తిరుగు ప్రయాణమంతా మురిసిపోయాను.

ఆరు నెలలన్నది రెండున్నరేళ్ళయింది. వాయిదాల్లో ఎక్కువ భాగం వాళ్ళవల్ల, వీళ్ళవల్ల. రెండు మాత్రం నావి. ఒకసారి బెళుగుప్పలో మా బావమరిది బోరు వేయిస్తుంటే నీళ్ళు పడతాయో లేదో చూడటానికి పోయి, ఒంట్లో బాగాలేదని కాగితం పంపించాను. నీళ్ళు పడలేదు. అదే రోజు ఆమె హిందూపురంలో బస్సు మారి, ఆ కాలు ఈడ్చుకుంటూ వచ్చి, మధ్యాహ్నందాకా కోర్టు వరండాలో కూర్చుని, సారుకు జ్వరమంట అని గుమాస్తా చెబితే వెనక్కి పోయింది. మళ్ళీ కనబడినప్పుడు కేసు సంగతి తర్వాత అడిగింది. ముందు అడిగింది, “జ్వరం ఎట్లుండాది సార్?” అని.

నా రెండో వాయిదాకు జ్వరం కూడా లేదు, బోరూ లేదు. ఇంకొన్నాళ్ళు పోతే మంచిదేలే అనుకున్నాను. అంతే.

చివరికి అప్పీలు వినే బోర్డు కూర్చుంది. డాక్టరు ఆమె చీలమండ పట్టుకుని వంచబోయాడు. అది కర్రలా ఉంది. “మొదటి రిపోర్టులో కొంచెం వంగేదని ఉందే, ఇంతగా బిగుసుకుపోయిందేం? రోజూ కదిలించడం లేదా?” అన్నాడు.

“కదిలించేకి ఏం పనుండాది సార్?” అంది ఆమె.

ఆయన శాతం పెంచి రాశాడు. నేను అప్పటికే నమస్కారం చెప్పి ఉన్నాను. నా గెలుపు ఇదీ.

బ్యాంకు రోజు పద్ధతి ప్రకారమే నడిచింది. దోసె, కాఫీ, నీకు తోచినంత ఇయ్యమ్మా. ఎదురు బ్యాంకులోకి పోయి సొమ్ము తీసుకుని మా బల్ల దగ్గరికే వచ్చి, నాలుగో వంతు విడిగా కాగితంలో చుట్టి నా చేతికిచ్చింది. నేను ఉదారంగా, “ఇంగ భయం లేదు, మిషను తెరిచి కుట్టుకోపో,” అన్నాను. “చూస్తాం లే సార్,” అని ప్లేటులో మిగిలిన చట్నీ వైపు చూసింది.

ఆ చూపు ఎందుకో నాతో ఉండిపోయింది. కోటు మేకుకు తగిలించిన తర్వాత ఎక్కువైంది. ఆ దెబ్బ కాలు మిషను తొక్కుడు వెంట ఆడుతుండటం, నేను దాన్ని ఆపించడం, అదే ఆపడంవల్ల కాలు బిగుసుకోవడం, ఆ బిగుసుకున్న కాలుతో నేను గెలవడం, ఇవన్నీ ఒక వరసలో కనబడటం మొదలైంది. పోయిన నెల బస్సెక్కి చిలమత్తూరు పోయాను. క్షమించమని అడిగే మాటలు దారిపొడుగునా తయారు చేసుకున్నాను. బాగా వచ్చాయి కూడా. ఒకచోట నా కంట్లోనే నీళ్ళు తిరిగాయి.

ఆమె ఇంటి ముందు గదిలో చిన్న అంగడి పెట్టుకుంది. తల సగం నెరిసింది. నన్ను చూసి, “రాండి సార్, ఇంగా ఉండావా!” అని స్టూలు జరిపింది. నేను కూర్చుని, తయారు చేసుకున్నదంతా చెప్పాను. నీ మిషను మూయించిన పాపం నాది, దుప్పటి కప్పించి నీ చేతిపనీ నీ కాలూ రెండూ పోగొట్టింది నేనే, అన్నాను. ఆమె ఉప్పు పొట్లాలు కట్టుకుంటూనే విన్నది.

“ఏం మిషను సార్?” అంది.

“అదే, నేను ముయ్యమంటే మూసినావు గదమ్మా. దుప్పటి కప్పి.”

“ముయ్యమంటివి, నిజమే. మూసేకి ఆడేముండాది? ఖర్చులు ఖర్చులని దుడ్లు అడిగితివే, ఆ వారమే హిందూపురానికి ఏసుకపొయ్యి అమ్మేస్తి. దుప్పటి కింద ఉన్నింది రాగుల డబ్బా, దానిమీద పీట. మిషనేమాయ అని నువ్వడుగుతావేమోనని నాకు సిగ్గయ్యి కప్పి పెట్టింటి. ఊరికే మూసింటే నువ్వు పోతానే తెరిచి కుట్టుకోనుంటి సార్, నీ మాట ఎవరు విన్నారు? ఈ కత పెండ్లిండ్లలో చెప్పుకుంటావంట గదా. ఇంగ చెప్పితే సరిగ్గా చెప్పు.”