ముప్పై పుల్లల శీతనిద్ర

2014వ సంవత్సరం, ఫిబ్రవరి 18వ తేదీ, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలు. అల్ రయ్యాన్‌లోని మా నర్సరీలో నీడపట్టున ఉష్ణోగ్రత ఇరవై రెండు డిగ్రీలు. ఉత్తరపు గాలి, అందులో కంటికి తెలియక పంటికి మాత్రమే తెలిసే ఇసుక. ఆ రోజుల్లో నేను కుర్రవాడిని. (జననమరణాల లెక్కలో అప్పటికి నాకు నలభై ఆరు నిండాయి, కానీ హైదరాబాదు శివార్ల ద్రాక్షతోటల్లో ఇరవై ఏళ్ళు చేసిన పనిని వదిలి కొత్త దేశంలో చేరిన మనిషికి వయసు చేరిన తేదీ నుంచి లెక్కిస్తారు. ఆ లెక్కన నాకు మూడున్నర నెలలు.) ఆరు నెలల ప్రొబేషన్ ఏప్రిల్ 30తో ముగుస్తుంది. ఆ తరువాత నేను ఖతార్‌లో ఉంటానా, విమానం ఎక్కుతానా అన్నది మా ముదీర్ చేతిలో ఉంది. అక్కడ మేనేజరును ముదీర్ అంటారు. ఆ ముదీర్, సరిగ్గా ఆ నిమిషాన, నా చేతిలో ఒక పొడవాటి పొట్లం పెట్టాడు.

అందులో ముప్పై ద్రాక్ష పుల్లలు ఉన్నాయి. పెన్సిలు లావు, మూరెడుకు కొంచెం తక్కువ పొడవు, ఒక్కొక్కదానికి నాలుగు కణుపులు. మంచు కురిసే ఉత్తర దేశంలో నిద్రపోతున్న తీగల నుంచి కోసి పంపినవి. లా క్రెసెంట్ పది, ఫ్రాంటనాక్ బ్లాంక్ పది, సోలారిస్ పది. మూడూ తెల్ల ద్రాక్షలే. లా క్రెసెంట్ అనేది సున్నకు కింద ముప్పై డిగ్రీల చలిలో సైతం ప్రాణం నిలుపుకుంటుందని చదివి నేను నిర్ఘాంతపోయాను. ఎందుకంటే మేము దానిని పెంచబోయే చోట జులైలో సున్నకు పైన నలభై అయిదు. మా కంపెనీకి పని అప్పగించిన తోట యజమాని, ప్రపంచ కప్పు నాటికి తన అతిథిశాల ముందు పందిరి వేయించి, చలిదేశాల నుంచి వచ్చే అతిథులను వాళ్ళ ఊరి ద్రాక్షతీగ నీడలోనే కూర్చోబెట్టాలని ముచ్చటపడ్డాడట. ఇది సాధ్యమా అని నేను అడిగితే ముదీర్ నవ్వి, "ఉస్తాద్, ఇక్కడ ఫుట్‌బాల్ ఆడడం సాధ్యమా అని కూడా అందరూ అడుగుతున్నారు. యల్లా, పని చూడు" అన్నాడు. తుంపర నీటితో పుల్లలకు వేళ్ళు పుట్టించే షెడ్డు ఇంకా పూర్తి కాలేదు. మార్చి 16, ఆదివారం నాడు నాటాలి. ఏప్రిల్ 27న ముదీర్ వచ్చి, వేళ్ళూనినవెన్నో స్వయంగా లెక్కపెడతాడు.

అంతవరకు పుల్లలు నిద్రలేవకూడదు. నిద్రకు నాలుగు డిగ్రీలు కావాలి. నర్సరీలో చల్లగది ఉంది గాని, అందులో ఎవరివో ఆపిల్ పళ్ళు నిలవ ఉంచారు. పండే పళ్ళ ఊపిరి సోకితే మొగ్గ లోలోపలే చచ్చిపోతుంది. ఇంకెవరైనా అయితే సర్దుకుపోయేవారు, నేను సర్దుకుపోలేదు. ప్రతి పుల్లకూ పై కణుపు కింద రకానికొక రంగు దారం ముడివేసి (లా క్రెసెంట్‌కు ఎరుపు, మిగిలిన రెంటికి పసుపు, ఆకుపచ్చ, తలకిందులుగా నాటకుండా ఇదొక జాగ్రత్త), పొట్లాన్ని ఒడిలో పెట్టుకుని, నర్సరీ బండిలో ముఐథర్‌లోని మా ఇంటికి తెచ్చాను.

మా ఇల్లు అంటే మా చెల్లెలి ఇల్లు. పెద్ద విల్లాను గోడలు పెట్టి విడగొట్టిన నాలుగు వాటాల్లో ఒకటి. మా బావగారు (నాకంటే రెండేళ్ళు చిన్న, అయినా చెల్లెలి భర్త కనుక బావగారే) అల్ సద్‌లో ఒక ఆఫీసులో అకౌంటెంటు. మూడు నెలల విజిట్ వీసా మీద ఆయన తండ్రిగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. డెబ్బై నాలుగేళ్ళ పెద్దమనిషి. కోడలు పిలిచినట్లే నేనూ ఆయనను మామయ్యగారు అనేవాడిని. ఆడపిల్లనిచ్చిన ఇంట్లో ఆడపిల్ల అన్న ఎంత అణకువగా మసలాలో తెలిసినవారికి నా స్థితి వేరే వివరించనక్కరలేదు. ఆయన ఎదుట నేను కుర్చీలో సైతం సగమే కూర్చునేవాడిని.

ఆ సాయంత్రం బావగారు పొట్లం మీది కాగితం చదివారు. చదువుతూ చదువుతూ ఆయన ముఖం పాలిపోయింది.

"బావగారూ, ఇవి వైను ద్రాక్షలా?"

"తెల్ల వైను ద్రాక్షలండీ. చాలా శ్రేష్ఠమైనవి."

"మనం ఏ దేశంలో ఉన్నామో గుర్తుందా మీకు?"

"ఇవి పుల్లలండీ."

"ఇవాళ పుల్లలు. రేపు తీగలు. ఎల్లుండి నా ఫ్రిజ్జులో ఏముందని ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి?"

పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయనీ, ఆకును, పండును ఎవరూ ఆక్షేపించరనీ, మా ముదీర్ వాళ్ళ ఇంట్లో ద్రాక్షాకులో అన్నం చుట్టుకుని తింటారనీ గంటసేపు వివరించాను. ఆయన చివరకు ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు: పేరున్న కాగితం ఇంట్లో ఉండకూడదు. సరేనని నేను దానిని చింపి, పుల్లలను తడిపిన వార్తాపత్రికలో చుట్టి, ఫ్రిజ్జులో అట్టడుగు అరలో పెట్టి, పక్కన ఉష్ణమాపకం ఒకటి ఉంచాను. ఉదయం, సాయంత్రం ఉష్ణమాపకం చూసేవాడిని. పొట్లం మాత్రం విప్పలేదు. విప్పితే తడి ఆరుతుంది. నా జీవితంలో ఏ వస్తువునూ అంత చక్కగా భద్రపరచలేదు.

మార్చి 14, శుక్రవారం. సెలవు. ఉదయం ఆరుంపావుకు కాఫీ గ్లాసుతో పెరట్లోకి వచ్చాను. గోడ మీది ఏసీ నుంచి నీరు చుక్కచుక్కగా కారే చోట మా చెల్లెలు పుదీనా తొట్టె పెట్టుకుంది. ఆ తొట్టె పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, మామయ్యగారు తీరుబడిగా పళ్ళు తోముకుంటున్నారు. ఆయన జన్మలో పేస్టు ముట్టలేదు. వేపపుల్ల లేనిదే తెల్లవారని మనిషి. ఇక్కడ పళ్ళు తోముకోవడానికి అమ్మే మిస్వాక్ పుల్లలు బావగారు కట్టగా తెచ్చి, వాడిపోకుండా తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్జులో పెడుతుంటారని నాకు తెలుసు. తెలిసిన విషయమే అయినా, అంతవరకు అది నాకు సంబంధించిన విషయం కాదు.

ఆయన నోట్లోని పుల్లకు, మీసం కిందుగా, ఎర్రదారం వేలాడుతోంది.

మనిషి నిర్ఘాంతపోవడం అంటే ఏమిటో అప్పటివరకు నాకు మాటగానే తెలుసు. గ్లాసు చేతిలోనే ఉంది, కాఫీ మాత్రం కాలి మీద ఉంది. ఆరు వేల మైళ్ళ దూరం నుంచి వచ్చి, మంచుతుఫానులకు చలించని లా క్రెసెంట్, తెనాలివారి దవడ పళ్ళ మధ్య కుంచెలా విచ్చుకుంటోంది.

"ఏం నాయనా, అలా ఉన్నావు?" అన్నారాయన, పుల్ల పక్కకు నెట్టి.

"మామయ్యగారూ, ఆ పుల్ల..."

"ఆ, పాతవి అయిపోయాయి. అమ్మాయిని అడిగితే అడుగు అరలో ఉన్నాయంది. ఇవి వాటికంటే ఎంతో మేలు నాయనా. ఘాటు లేదు, లేత వగరు. నమిలితే వెన్నలా విచ్చుకుంటోంది. పై దారం విప్పి పారేస్తుంటాను, ఇవాళ కళ్ళజోడు పెట్టుకోలేదు, కనబడలేదు. మావాడికి చెప్పు, ఈ రకమే తెమ్మని."

నేను అక్కడే గట్టు మీద కూలబడ్డాను. ఆయన కంగారుపడ్డారు. రోజూ తోముకోవడం అయ్యాక పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకుని, తొక్కే చోట పారవేయకూడదు గనుక పుదీనా తొట్టెలో గుచ్చడం ఆయన అలవాటు. ఆ రోజు చీల్చడానికి వ్యవధి లేకపోయింది. పుల్లను ఉన్నదున్నట్లుగా పుదీనాలో గుచ్చి, నా నుదురు పట్టి చూసి, "అమ్మాయ్, మీ అన్నయ్యకు నీరసంగా ఉన్నట్టుంది, మజ్జిగ పట్రా" అని కేక వేశారు.

మజ్జిగతో వచ్చిన మా చెల్లెలు తొట్టెలోని ఎర్రదారాన్ని చూసింది, నన్ను చూసింది. దానికి అంతా అర్థమైంది. మామగారి వెనుక నిలబడి, రెండు చేతులూ జోడించి, చెప్పవద్దన్నట్లు తల ఊపింది. చెపితే ఏమవుతుందో నాకూ తెలుసు. కోడలి అన్న ఉద్యోగం తన పళ్ళ మూలంగా పోయిందని తెలిస్తే ఆ పెద్దాయన మరి మా చెల్లెలి ఇంట మంచినీళ్ళు ముట్టరు. నేను మజ్జిగ తాగి, "మంచి పుల్లలేనండీ" అన్నాను.

లోపలికి వెళ్ళి పొట్లం విప్పి లెక్కపెట్టాను. పన్నెండు ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. పన్నెండే. బావగారు నా భుజం మీద చెయ్యి వేసి, ఆ కాగితం ఉంచి ఉండవలసింది అన్నారు. ఆ సాయంత్రమే ఆయన నాలుగు కట్టల మిస్వాక్ తెచ్చి, ఫ్రిజ్జు తలుపులో, అందరికీ కనబడేలా పెట్టారు.

ఆదివారం ఉదయం ఆ పన్నెండింటినీ ఒడిలో పెట్టుకుని బండి ఎక్కాను. డ్రైవరు జగిత్యాల వైపువాడు, మంచి కలుపుగోలు మనిషి. రోజూ నాకంటే ముందు వచ్చి, గేటు దగ్గర పళ్ళు తోముకుంటూ నా కోసం ఎదురు చూసేవాడు. (ఆ శుభ్రతను నేను ఒకటి రెండుసార్లు మెచ్చుకున్నాను కూడా.)

"సారూ, తాత నిన్న, ఇయ్యాల పుల్ల ఇయ్యలే. పాణం మంచిగ లేదా?"

"ఏ పుల్ల?"

"పొద్దుగాల రోజు ఒక పుల్ల ఇరిచి సగం నాకిస్తుండే. శుక్రారం నాకు డ్యూటీ ఉండదు గద, గప్పుడు వాచ్‌మన్‌కిస్తడట. గసొంటి పుల్ల నేనేడ జూడలే సారూ." అతడు నా ఒడిలోకి తొంగి చూశాడు. "గవే గద? ఒక్కటి తీస్కోనా?"

అల్ రయ్యాన్ చేరేవరకు నేను రెండు చేతులతో పొట్లాన్ని పట్టుకునే కూర్చున్నాను. పద్దెనిమిది రోజులు, పద్దెనిమిది పుల్లలు, ముప్పై ఆరు సగాలు. వాటిలో పదిహేను సగాలు నా కళ్ళ ఎదుటే, నా గేటు దగ్గరే, నా మెప్పు పొందుతూ నమలబడ్డాయి.

పన్నెండింటినీ కొత్త షెడ్డులో నాటాను. తుంపర, నీడ, మట్టి వేడి, అన్నీ కొలత ప్రకారం. మార్చి నెలాఖరుకు మొగ్గలు విచ్చాయి. నేను ముదీర్‌ను పిలిచి ముందు వరుస మాత్రం చూపించాను; ఆయన నా వీపు తట్టాడు. ఏప్రిల్ రెండో వారానికి ఆ చిగుళ్ళు ఒకదాని వెనుక ఒకటి తలలు వాల్చాయి. తీసి చూస్తే కింద ఒక్క వేరు లేదు. పుల్లలో దాచుకున్న బలాన్నంతా ఆకులకే ఖర్చుపెట్టి, తాగడానికి నోరు లేక ఎండిపోయాయి. ముప్పైకి పద్దెనిమిది పోయాయని చెప్పడం ఒక ఎత్తు. ముప్పైకి ముప్పై పోయాయని చెప్పడం ఇంకొక ఎత్తు. ఏప్రిల్ 25, శుక్రవారం నాడు నేను పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను. మామయ్యగారు అప్పటికి రెండు వారాల క్రితమే ఊరు వెళ్ళిపోయారు. వెళుతూ, ఆరోగ్యం జాగ్రత్త నాయనా, ఎక్కడబడితే అక్కడ కూలబడుతున్నావు, అని మరీ చెప్పి వెళ్ళారు.

పచ్చడికి పుదీనా కోయడానికి పెరట్లోకి వెళ్ళిన మా చెల్లెలు, "అన్నయ్యా, ఒకసారి ఇలా రా" అంది. ఆ పిలుపులో ఏదో ఉండి, చేతిలో మడత పెడుతున్న చొక్కాతో సహా వెళ్ళాను. పుదీనా మధ్య చీలిన పుల్లల నడుమ, చీలని పుల్ల ఒకటి నిలబడి ఉంది. పై కొన కుంచెలా నమిలి ఉంది. దాని కింద ఎర్రదారం. దారం కింద కణుపు నుంచి, అరచేయంత వెడల్పున, రంపపు అంచులతో మూడు ఆకులు. ఏసీ నీటి చుక్క ఒకటి పడి పై ఆకు తల ఊపింది. నేను వేలితో మట్టి తొలిచి చూశాను. తెల్లని వేళ్ళు పుదీనా వేళ్ళతో పెనవేసుకుని ఉన్నాయి.

ఆదివారం ముదీర్ లెక్కపెట్టడానికి వచ్చాడు. పుదీనాతో సహా తొట్టెను బల్ల మీద పెట్టాను.

"ముప్పైలో ఎన్ని?"

"అర."

"అర?"

"సగం పుల్ల బతికింది."

"ఈ కొన ఇలా ఉందేమిటి?"

అబద్ధం చెప్పడానికి కావలసిన అంకెలు నా దగ్గర లేవు. మా చెల్లెలి మామగారు దానితో పళ్ళు తోముకున్నారని చెప్పాను. మొదటి నుంచి చివరి వరకు, తేదీలతో సహా చెప్పాను. ముదీర్ ఆకును వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూశాడు. నేను విమానం టిక్కెట్టు గురించి ఆలోచిస్తున్నాను.

"ఆ పెద్దాయన ఇంకా ఖతార్‌లోనే ఉన్నాడా?" అన్నాడు చివరకు.

"లేరు. వీసా ముగిసింది."

"పొడిగించమని నన్ను ఎందుకు అడగలేదు?" అని, నా ప్రొబేషన్ కాగితం మీద సంతకం చేసి, తొట్టెను తానే ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ సంతకం మీద నేను ఇంకొక తొమ్మిదేళ్ళు ఆ దేశంలో ఉన్నాను. పందిరికి మిగిలిన తీగలు వేడికి అలవాటుపడినవి తెప్పించి నాటారు. వాటి మధ్య ఒక మూల, మా తెలుగు పనివాళ్ళు 'తాత తీగ' అని పిలిచేది ఆ సగం పుల్ల నుంచి పెరిగినదే. 2022 నవంబరులో, చలిదేశపు అతిథులు నిజంగానే ఆ పందిరి కింద కూర్చున్న ఒక సాయంత్రం, నేను మామయ్యగారికి వీడియో కాల్ చేసి ఆ తీగను చూపించాను. అప్పటికి ఆయనకు ఎనభై రెండు. పై వరుసలో పళ్ళు నాలుగు. ఇది ఏమిటని గాని, ఎక్కడి నుంచి వచ్చిందని గాని ఆయన అడగలేదు. "పచ్చగా ఉంది నాయనా" అని, "అక్కడ ఒక రకం పుల్లలు ఉండేవి, గుర్తుందా? ఎంత వెతికినా మళ్ళీ దొరకలేదు" అన్నారు. గుర్తుందన్నాను. చెప్పెయ్యమని లోపల ఎవరో పోరుతూనే ఉన్నారు. కాని మా చెల్లెలు చేతులు జోడించి నిలబడిన ఆ ఉదయం ఇంకా కళ్ళ ముందే ఉంది. కాలి మీద ఒలికిన కాఫీతో గట్టు మీద కూలబడ్డ ఆ నలభై ఆరేళ్ళ కుర్రవాడిని తలచుకుని నవ్వుకున్నాను. వాడు ఆ ఉదయం నిబ్బరంగా నిలబడి ఉంటే, మామయ్యగారు ఆ పుల్లనూ చీల్చేసి ఉండేవారు.

తుది లెక్క ఇది. వచ్చిన పుల్లలు ముప్పై. పళ్ళు తోమినవి పదిహేడున్నర. ఎండినవి పన్నెండు. బతికినది అర. ఎనిమిదేళ్ళలో కాసిన ద్రాక్షపళ్ళు, సున్న.